సామూహిక వ్రతంలో పీటలు ఎవరెవరికి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఈ కార్తీక పౌర్ణమినాడు మా రామాలయం ముందు తొలిసారిగా సామూహిక సత్యనారాయణ వ్రతాలు జరిపించాలని యువకులం కొందరం పూనుకున్నాము. 60 పీటలు వేయాలని ఆలోచన. దంపతులే కూర్చోవాలని, చందా ఎక్కువ ఇచ్చినవారికి ముందు వరుస ఇవ్వాలని కొందరు పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు? ఏర్పాట్లలో దేనికి జాగ్రత్తపడాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: పీటల సంగతి ముందు తేల్చుకోండి. ఆ రోజు మీరందరూ వినబోయే కథలోనే దానికి సమాధానం ఉంది. సాధువనే వర్తకుడు, అతని అల్లుడు చంద్రకేతు మహారాజు చెరలో ఉండగా, ఇంటివద్ద లీలావతి తన కూతురు కళావతితోను, బంధువులతోను కలిసి వ్రతం చేసింది. ఆ పూజకే స్వామి ప్రసన్నుడై వారిద్దరినీ విడిపించాడు. భర్త పక్కన లేకుండా లీలావతి చేసిన వ్రతం ఫలించినప్పుడు, మీ ఊళ్ళో భర్తను పోగొట్టుకున్న తల్లిని గాని, భర్త కువైట్‌లో ఉన్న ఇల్లాలిని గాని పీట మీద కూర్చోవద్దనడానికి ఆధారమేముంది? పెద్దలతో వాదానికి దిగకుండా, మీ పురోహితులచేతనే ఈ ఘట్టాన్ని మొదటి సమావేశంలో చెప్పించండి.

వరుసల మాటకు అయిదో అధ్యాయం చాలు. వేటనుంచి వస్తున్న తుంగధ్వజ మహారాజు మర్రిచెట్టు కింద గొల్లలు చేస్తున్న వ్రతాన్ని చూసి కూడా నమస్కరించలేదు, వారు తెచ్చి ముందుంచిన ప్రసాదాన్ని విడిచిపెట్టి వెళ్ళాడు. సంతానాన్ని, సంపదను కోల్పోయిన తరువాత తిరిగి వచ్చి ఆ గొల్లలతో కలిసి కూర్చునే పూజ చేశాడు. ఈ కథ చదివించే చోట డబ్బును బట్టి, కులాన్ని బట్టి వరుసలు వేయడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. ఎస్సీ కాలనీకి చివరి రోజున మాటవరసకు కబురు పంపకుండా, అక్కడి పెద్దలను మొదటి సమావేశానికే పిలవండి. పీటలకు చీటీలు తీయండి. దాతల పేర్లు మైకులో చదవవచ్చు, చోటు మాత్రం చీటీ ప్రకారమే ఇవ్వాలి.

ఇక వాన. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం. అవి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి, కార్తీకం సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నది కార్తీక మాసంలోనే. కనుక గుడ్డ షామియానాను నమ్ముకోకుండా రేకుల పందిరి వేయించండి, నేల మీద ఇసుక పోయించి ఎత్తు చేయించండి, కరెంటు తీగలను నేలమీదికి రానీయకుండా గుంజలకు కట్టించండి. వాయుగుండం కబురు వస్తే ఏ రోజుకు మార్చాలో ఇప్పుడే పంచాంగం చూసి నిర్ణయించుకుని, కరపత్రంలోనే అచ్చువేయండి.

ఒక్కొక్క పీటకు కావలసిన బియ్యం, కొబ్బరికాయ, రవికె గుడ్డ, తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, చిల్లర నాణేలు, తులసి ఒకే సంచిలో కట్టి, పైన చీటీ నంబరు వేయండి. తమలపాకులు, తులసి మాత్రం ఆనాటి ఉదయమే వేయాలి. వత్తులను ముందురోజు రాత్రే నూనెలో నానబెడితే సముద్రపు గాలికి అంత తొందరగా కొండెక్కవు. వరుసకూ వరుసకూ మధ్య మనిషి నడిచే దారి వదిలి, చివర బకెట్లతో నీళ్ళుంచండి. దీపాల మధ్య పట్టుచీరల కొంగులు మెదులుతుంటాయి.

పౌర్ణమినాడు చాలామంది పగలంతా ఉపవాసం ఉంటారు కాబట్టి సాయంత్రం ఆరింటికే సంకల్పం చెప్పించి, ఎనిమిదిన్నరకు విస్తళ్ళు వేయించండి. ఉల్లి, వెల్లుల్లి లేని వంటకు కిలో బియ్యానికి ఎనిమిది మంది చొప్పున లెక్క వేసుకుంటే, 400 మందికి 50 కిలోలు సరిపోతాయి. చక్రపొంగలి, పులిహోరల బియ్యం ఈ లెక్కలోకి రాదు. ప్రసాదాన్ని ఇంటింటా చేయించకుండా ఒకేచోట వండించండి. కదలలేని వృద్ధుల ఇళ్ళకు పూజ ముగియగానే పిల్లలచేత పంపండి, భోజనాల తరువాత పంపుదామంటే అది మరునాటికి వాయిదా పడుతుంది.

మైకుకు పోలీసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రి పది దాటితే నిబంధనలు ఒప్పుకోవు. ఆలయం దేవాదాయ శాఖ కింద ఉంటే కార్యనిర్వహణాధికారికి కూడా అర్జీ పెట్టాలి. ప్రతి చందాకు రసీదు ఇచ్చి, జమాఖర్చుల కాగితాన్ని వారంలోగా రామాలయం గోడకు అంటించండి.