క్లాసులో ఎక్కువమంది చైనా వాళ్లే... మా అమ్మాయికి ఎస్సేలు కష్టమవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీబీఏ చేసింది. మొదటినుంచీ ఇంగ్లిష్ మీడియమే. ఇంగ్లండ్‌లో ఏడాది ఎంఎస్సీ మార్కెటింగ్‌కు సెప్టెంబర్ అడ్మిషన్ వచ్చింది. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7, రైటింగ్‌లో 6. క్లాసులో సగానికి పైగా చైనా విద్యార్థులే ఉంటారని, వాళ్లకు ఇంగ్లిష్ రాయడం రాదు కాబట్టి మా అమ్మాయి సులువుగా ముందుంటుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. అసలు కోర్సుకు ముందు చెప్పే ప్రీ-సెషనల్ ఇంగ్లిష్ కోర్సు ఇష్టముంటే చేయవచ్చని యూనివర్సిటీ రాసింది. అవసరమా, నేరుగా వెళ్లినా ఫర్వాలేదా? అసైన్‌మెంట్లు రాసిపెట్టేవాళ్లు దొరుకుతారట, చైనా పిల్లలంతా అలాగే గట్టెక్కుతారట. నిజమేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ప్రీ-సెషనల్ గురించే అయినా అసలు దిగులు వేరే ఉంది. లోను తీసుకుని పంపిన పిల్ల అక్కడ ఫెయిలైతే ఎలా అని. ముందు అది తేల్చుకుందాం. ఇంగ్లండ్‌లో పీజీకి పాస్ మార్కు మామూలుగా 50. రైటింగ్‌లో 6తో వెళ్లి 60 దాటినవాళ్లు బోలెడంతమంది. ఒక ఎస్సే తప్పినా చాలాచోట్ల ఇంకోసారి ఇచ్చే వీలుంటుంది, కాకపోతే ఆ మార్కును 50 దగ్గర ఆపేస్తారు. నిద్ర మానుకోవాల్సినంత ప్రమాదమేమీ లేదు.

అయితే కన్సల్టెన్సీ మాటను మీరు అంత తేలిగ్గా నమ్మడం నాకు నచ్చలేదు. పక్కపిల్లకు రాకపోతే మన పిల్లకు వచ్చినట్టేనా? ఇది ఈఏపీసెట్ కాదు, అక్కడ ర్యాంకులు లేవు. ప్రతి ఎస్సేనూ రాసిపెట్టుకున్న ప్రమాణాలతో విడిగా దిద్దుతారు.

చైనా విద్యార్థుల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. వాళ్ల కాలేజీ ప్రవేశపరీక్ష గావోకావోలో ఇంగ్లిష్‌కు 150 మార్కులు. ఇప్పటి కొత్త జాతీయ పేపర్లలో రాతకు 40: దాదాపు 80 పదాల్లో ఉత్తరంలాంటిది ఒకటి, సగంలో ఆగిన కథను 150 పదాల్లో పూర్తి చేసేది ఇంకొకటి. డిగ్రీలో సీఈటీ-4, సీఈటీ-6 అనే ఇంగ్లిష్ పరీక్షలు, అరగంటలో 200 పదాల లోపు వ్యాసం. ఐఈఎల్‌టీఎస్‌లో 40 నిమిషాలు, 250 పదాలు. వీటిలో ఎక్కడా నలుగురి పరిశోధన చదివి, ఎవరు ఏమన్నారో చూపించి, అందులో తన అభిప్రాయం నిలబెట్టుకునే పని లేదు. అలాంటి విద్యార్థి దిగిన రెండు నెలలకే 3,000 పదాల ఎస్సే ఇవ్వాలి. అప్పుడు చేతిలో ఉండేవి కోచింగ్‌లో బట్టీపట్టిన వాక్యాలే: ‘విత్ ద డెవలప్‌మెంట్ ఆఫ్ సొసైటీ’, ‘యాజ్ వుయ్ ఆల్ నో’, ‘ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్’.

భాష తప్పులూ ఉంటాయి. చైనీస్‌లో ‘ఎ’, ‘ద’ లాంటివి లేవు, కాలాన్నిబట్టి క్రియారూపం మారదు, కామాలు పెట్టుకుంటూ వాక్యం మీద వాక్యం గొలుసుకట్టుగా సాగవచ్చు. ‘అయినా’, ‘కానీ’ లాంటి మాటలు అక్కడ జంటగా వస్తాయి కాబట్టి ‘ఆల్దో’తో ఎత్తుకుని మధ్యలో మళ్లీ ‘బట్’ పెడతారు. ఇవి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి గానీ, అర్థమవుతున్నంతవరకు వీటివల్ల పోయే మార్కులు తక్కువే. చైనా వాళ్ల ఆలోచనే చుట్టుతిరుగుడు అనేవాళ్లూ ఉన్నారు. 1966లో రాబర్ట్ కప్లాన్ అనే అమెరికన్ పండితుడు తూర్పుదేశాల రాతను సుడిలాగా బొమ్మగీసి చూపించాడు. తర్వాతివాళ్లు ఆ బొమ్మను బాగానే ఉతికారు. నాకూ అది ఒప్పుదల కాదు. 2004లో మొదలైన బ్రిటన్ నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వారి నింగ్బో క్యాంపస్, 2006లో మొదలైన సుజోలోని షియాన్ జియాటోంగ్-లివర్‌పూల్ యూనివర్సిటీ చైనాలోనే ఇంగ్లిష్‌లో డిగ్రీ చెబుతాయి. అక్కడ నాలుగేళ్లు ఎస్సేలు రాసి వచ్చినవాళ్లు మీ అమ్మాయి క్లాసులోనే ఉండవచ్చు. మొదటి నెలల్లో వాళ్లను అందుకోవడమే ఆమెకు కష్టం.

మార్కులు పోయే చోటు పేరాగ్రాఫ్. ఇన్‌ఫ్లుయెన్సర్లు చెబితే జనం కొంటారా అనే ఎస్సే తీసుకోండి. సోషల్ మీడియా విపరీతంగా పెరిగిందని మొదటి వాక్యం. ఫలానా ఆయన 2017లో ఇలా అన్నాడు, ఫలానా ఆవిడ 2019లో ఇలా అంది, మరొకరు 2021లో ఇలా అన్నారు అని మూడు వాక్యాలు. కాబట్టి కంపెనీలు తప్పనిసరిగా ఇన్‌ఫ్లుయెన్సర్లను వాడాలని చివరి వాక్యం. పక్కన లెక్చరర్ రాసేది ఒక్కటే: ‘డిస్క్రిప్టివ్’, అంటే ఎవరేమన్నారో చెప్పావు గానీ తూచి చూడలేదని. ముగ్గురూ ఒకే మాట అన్నారా? ఒకరు కాలేజీ పిల్లలను అడిగి, మరొకరు అమ్మకాల లెక్కలు చూసి చెప్పి ఉంటే దేన్ని ఎక్కువ నమ్మాలి? ‘తప్పనిసరిగా’ అనడానికి ఆధారం ఏది?

దిద్దడం ఇలా. చివరి వాక్యాన్ని పైకి తెచ్చి పదును తగ్గించాలి: తక్కువ ధర వస్తువుల్లో ఇన్‌ఫ్లుయెన్సర్ మాట అమ్మకాలు పెంచవచ్చు, ఖరీదైనవాటిలో ఆధారాలు అంత గట్టిగా లేవు. ఏకీభవించిన ఇద్దరినీ ఒకే వాక్యంలో కలపాలి. విభేదించిన మూడో మనిషికి విడిగా చోటిచ్చి, తేడా ఎందుకొచ్చిందో చెప్పాలి. సోషల్ మీడియా పెరిగిందన్న వాక్యాన్ని మొహమాటం లేకుండా కొట్టేయాలి.

మీ అమ్మాయి రాసినా ఇదే పేరా వస్తుంది, ఇంగ్లిష్ మాత్రం నున్నగా ఉంటుంది. చిక్కంతా అక్కడే. చైనా విద్యార్థికి తనకు రాదని మొదటిరోజే తెలుసు కాబట్టి లైబ్రరీకి, రైటింగ్ క్లాసులకు పరిగెడుతుంది. మనవాళ్లు ‘నాకు ఇంగ్లిష్ వచ్చుగా’ అనుకుని జనవరిలో 48 మార్కులు చూసి ఏడుస్తారు. అయ్యా, మీ అమ్మాయి బీబీఏ ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎవరు రాశారో ఇంట్లో ఒకసారి అడగండి. అమీర్‌పేటలో కొని బైండింగ్ చేయించినదైతే, లేదా సీనియర్ ఫైలులో పేరు మార్చినదైతే, ఆమె ఇప్పటిదాకా ఒక్క రిపోర్టు కూడా రాయలేదన్నమాట. అప్పుడు మీరు చూసింది మార్కులే, ఫైలు కాదు.

ఒక్క ఏడాదిలో ముగిసే మాస్టర్స్ మోజు మీద నాకున్న అనుమానం కూడా ఇదే. అందరూ ఒక ఏడాది ఫీజు మిగులుతుందని చూస్తారు, క్యాలెండర్ చూడరు. సెప్టెంబర్ చివర్లో క్లాసులు, నవంబర్ నుంచి జనవరి దాకా ఎస్సేలు. దిద్ది ఇవ్వడానికి మూడు వారాలు పడుతుంది. మొదటి ఎస్సేలో తప్పేమిటో తెలిసేసరికి రెండోది, ఒక్కోసారి మూడోది కూడా ఇచ్చేసి ఉంటారు. వేసవిలో 10,000 నుంచి 15,000 పదాల డిసర్టేషన్, అంటే పరిశోధన రిపోర్టు. రాయడం అక్కడ నేర్చుకుందాంలే అంటే ఈ కోర్సులో దానికి టైమే లేదు. రెండేళ్ల కోర్సులో ఒక సెమిస్టర్ తడబడినా సర్దుకోవచ్చు, ఇక్కడ ఒక సెమిస్టర్ అంటే క్లాసుల్లో సగం. బ్రోచర్లలో ఈ మాట ఉండదు.

అసైన్‌మెంట్లు రాసిపెట్టేవాళ్ల గురించి ఒక తండ్రి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? చైనా పిల్లలంతా అలాగే చేస్తారన్నది అబద్ధం. ఆ వ్యాపారం వాళ్లను గురిపెట్టిందన్నది నిజం. 2014లో ఆస్ట్రేలియాలో చైనీస్‌లో నడిచే అలాంటి వెబ్‌సైటే బయటపడి గొడవైంది. ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో ఈ అమ్మకాన్ని నేరం చేశాయి. కొన్న విద్యార్థిని యూనివర్సిటీ బయటికి పంపవచ్చు, పంపితే వీసా కూడా పోతుంది. డబ్బు తీసుకున్నవాళ్లే తర్వాత ‘యూనివర్సిటీకి చెప్పేస్తాం’ అని బెదిరించి ఇంకా గుంజుతారు. కాపీ దొరక్కుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ కూడా వద్దు. ‘బిగ్ డేటా’ను ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అని మార్చిన ఘనత దానిదే.

నిజాయతీగా రాసినా అనుమానం రావచ్చు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక చైనా ఫోరం నుంచి తీసుకున్న 91 టోఫెల్ వ్యాసాలను ఏఐ రాతను పట్టే 7 సాఫ్ట్‌వేర్లకు ఇస్తే, మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా ఏఐ రాతేనన్నాయి. పరిమితమైన పదాలతో రాస్తే అవి అలా పొరబడతాయి. కాబట్టి గూగుల్ డాక్స్‌లోనే రాయమనండి, మార్పుల చరిత్ర దానంతటదే ఉంటుంది. నోట్సు, పాత డ్రాఫ్టులు పారేయొద్దు.

ఇక ప్రీ-సెషనల్. అడ్మిషన్‌కు అది షరతు కాదు కాబట్టి మీకు తప్పనిసరి కాదు. ఫీజు వేల పౌండ్లు, పైన అద్దె, తిండి. ఆ డబ్బుకు ఇబ్బంది పడేట్టయితే ఇంట్లోనే ఆరు వారాలు ఇలా చేయించండి. యూనివర్సిటీ సైట్‌లో మాడ్యూల్ (సబ్జెక్టు) రీడింగ్ లిస్టు ఉంటే దానిలోంచి, లేకపోతే గూగుల్ స్కాలర్‌లోంచి ఒకే విషయం మీద ఆరు జర్నల్ వ్యాసాలు. ఒక్కోదానికి ఒక వరుస: ఏమన్నారు, ఎవరిని అడిగి అన్నారు, ఎవరితో విభేదించారు, పేజీ నంబరు. వ్యాసం మూసేశాకే సొంత మాటల్లో రాయాలి, తెరిచి రాస్తే పదాలు అవే పడతాయి. నాలుగో వారానికి 1,500 పదాలు. తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యాలు మాత్రమే తీసి వరుసగా చదవాలి. వాదన అర్థం కాకపోతే పేరాల క్రమం తప్పు. ఎస్సేలకు పనికొచ్చే వాక్యాల నమూనాలున్న మాంచెస్టర్ యూనివర్సిటీ సైట్ అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఉచితం, వాక్యం ఎత్తుకోవడానికి పనికొస్తుంది, అతికించడానికి కాదు. 1,500 పదాలు ఎవరి సాయం లేకుండా పూర్తయితే నేరుగా పంపండి. నాలుగో వారానికి 500 దగ్గరే ఆగిపోతే ప్రీ-సెషనల్ డబ్బు కట్టేయండి. దరఖాస్తు గడువు ముందే ముగుస్తుంది కాబట్టి ఈ ఆరు వారాలు ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి.