వైరస్ కణంలోకి ఎలా దూరుతుంది?

వైరస్ సొంతంగా కదల్లేదు కదా, మరి కణంలోకి ఎలా వెళ్తుందని అడిగారు. చాలాసార్లు కణమే దాన్ని లోపలికి తీసుకుంటుంది!

వైరస్ అంటే డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ, దాని చుట్టూ క్యాప్సిడ్ అనే ప్రొటీన్ తొడుగు. ఫ్లూ, హెచ్ఐవీ, కరోనా లాంటివాటికి పైన కొవ్వు పొర కూడా ఉంటుంది. అది తాము పుట్టిన కణం నుంచి తెచ్చుకున్నదే. సబ్బుకి ఇవి తేలిగ్గా లొంగేది ఆ పొర వల్లే.

ఫ్లూ వైరస్‌నే చూడండి. దాని మీది హీమాగ్లుటినిన్ ప్రొటీన్, మన కణాల మీదున్న సయాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థానికి అతుక్కుంటుంది. కణం దాన్ని ఏదో పదార్థం అనుకున్నట్టు చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో ఆమ్లత పెరుగుతుంది. సరిగ్గా ఆ ఆమ్లతకే హీమాగ్లుటినిన్ ఆకారం మార్చుకుని, సంచి గోడలోకి గుచ్చుకుని, రెండు పొరల్నీ కలిపేస్తుంది. ఆర్ఎన్ఏ ముక్కలు బయటపడి కేంద్రకం దారి పడతాయి. అంటే కణం చేసే మామూలు పనినే వైరస్ తలుపు తీసే సంకేతంగా వాడుకుంటోంది. నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే అబ్బురమైన విషయం తక్కువే కనిపించింది.

హెచ్ఐవీకైతే మన రోగనిరోధక కణాల మీదుండే సీడీ4 అనే గ్రాహకంతో (అంటే వైరస్ అతుక్కునే ప్రొటీన్‌తో) పాటు సీసీఆర్5 లాంటి రెండో గ్రాహకమూ కావాలి. బ్యాక్టీరియాను పట్టే టీ4 ఫేజ్ అయితే తొడుగుని బయటే వదిలి డీఎన్ఏని మాత్రం లోపలికి ఎక్కిస్తుంది.

ఇక వైరస్‌లను వర్గాలుగా విడదీసే సంగతికొస్తే, అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ బాల్టిమోర్ 1971లో చూపిన పద్ధతి సులువు: వైరస్ తన జన్యుపదార్థం నుంచి ఎంఆర్ఎన్ఏని (ప్రొటీన్ల తయారీకి సూచనలు మోసే ఆర్ఎన్ఏని) ఏ దారిలో తయారుచేస్తుందన్నదే ఆధారం. ఇప్పుడు అందులో 7 వర్గాలున్నాయి.