వానాకాలంలో బిగుసుకునే ట్రిగ్గర్

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు వేసవిలో కొత్త ట్రిగ్గర్ యూనిట్ బిగించాను. కర్ర స్టాక్‌లో (భుజానికి ఆనించే కర్ర భాగంలో) పట్టకపోతే గాడిని కొంచెం చెక్కాను. మే నెలలో చక్కగా పనిచేసింది. వానలు మొదలయ్యాక, మీట నొక్కి వదిలితే తిరిగి యథాస్థానానికి రావడం లేదు. యూనిట్ మార్చాలా? మీట బరువును, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలాన్ని, ఎంతవరకు తగ్గించుకోవచ్చు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: యూనిట్‌ను తప్పుపట్టే ముందు కర్రను చూడండి. వాల్‌నట్ అయినా బీచ్ అయినా, తేమ పీల్చిన కర్ర పొడవులో దాదాపు మారదు గానీ నారకు అడ్డంగా ఉబ్బుతుంది. మీరు చెక్కిన చోట పాలిష్ పోయింది కనుక తేమ అక్కడే ఎక్కువగా చేరి, మే నెల ఎండలో సరిపోయిన గాడి ఇప్పుడు ఇరుకై మీటను పట్టేస్తున్నదని నా నమ్మకం. మన పక్కనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను సెగన ఆరబెట్టేది ఈ తేమకు భయపడే.

రైఫిల్‌లో పెల్లెట్ లేదనీ, స్ప్రింగ్ ఎక్కించి లేదనీ చూసుకుని, మరలు విప్పి స్టాక్‌ను వేరు చేయండి. స్టాక్ లేకుండా మీట హాయిగా తిరిగి వస్తే దోషం కర్రదే. దీపపు మసిని నూనెచుక్కలో కలిపి యూనిట్ పక్కలకూ మీటకూ పలచగా పూసి, స్టాక్‌లో కూర్చి, మరలు బిగించి మళ్లీ విప్పితే, కర్ర తగులుతున్న చోట నల్లని మచ్చ పడుతుంది. ఇక ఉలి జోలికి పోకుండా, చదునైన పుల్లకు గరుకు కాగితం చుట్టి ఆ మచ్చ మేరకే అరగదీయండి. మీటకు ఇరువైపులా విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. కర్రను పొడి చోట ఆరనిచ్చి, ఉడికించిన అవిసె నూనెను రెండు మూడు పూతలుగా, ఒక్కొక్కటీ ఆరాకే పట్టించండి. నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి పడేయవద్దు, అది దానంతటదే వేడెక్కి అంటుకోగలదు, పరిచి ఆరవేయండి.

బరువు విషయానికి వస్తే, 10 మీటర్ల పోటీలలో ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాముల కనీస పరిమితి ఉంది, ఎయిర్ రైఫిల్‌కు లేదు. అయినా స్ప్రింగ్ రైఫిల్‌లో స్ప్రింగ్ ఎక్కించాక పిస్టన్‌ను ఆపి ఉంచేది ట్రిగ్గర్ యూనిట్‌లోని చిన్న కొక్కెం అంచే గనుక, తేలిక కోసం ఆ పట్టును తగ్గించడం నాకు సమ్మతం కాదు. మీట బరువును మార్చే మరను సర్దిన తరువాత రేంజ్‌లో పెల్లెట్ పెట్టి, గొట్టాన్ని పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్‌ను ఆపి పట్టుకునే పెట్టె) వైపే ఉంచి, మీటను తాకకుండా స్టాక్ మడమను (భుజానికి ఆనే చివరను) అరచేత్తో గట్టిగా తట్టండి. పేలితే ఆ మర మళ్లీ బిగించవలసిందే. పెల్లెట్ లేకుండా మాత్రం ఈ పరీక్ష చేయవద్దు, ఖాళీగా దూసుకెళ్లిన పిస్టన్ సీలును దెబ్బతీస్తుంది. బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టేటప్పుడు దానిని రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండండి. కొక్కెం జారితే బ్యారెల్ వేళ్ల మీదే మూసుకుపోతుంది.