వీధిలో బాస్కెట్‌బాల్ పోటీ పెట్టాలంటే ముందు ఇళ్ల తలుపులు తట్టండి

మీ ప్రశ్న చదివాను. కాలేజీ స్నేహితులు ఆరుగురు కలిసి విజయనగరంలో మీ కాలనీ వీధిలోనే ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ పెట్టాలనుకుంటున్నారు, గ్రౌండు దొరకలేదు, పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. డిగ్రీ రెండో ఏడాదిలో మేం ఇదే ఊళ్లో ఇదే పని చేశాం, సంక్రాంతి సెలవులు అయిన మరుసటి వారం. మాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

మేం ముందు జట్ల కోసం తిరిగాం. అదే తప్పయింది. పన్నెండు జట్లు పేర్లు ఇచ్చేశాక, ఇక వీధివాళ్లకి కూడా ఒక మాట చెప్దామని వెళ్తే మూడో ఇంటి మామ్మగారు అడిగారు: "మా ముసలాయనకి గుండెజబ్బు. ఆవేళ ఏటైనా అయితే ఆటో ఎలగొస్తాది బాబూ?" ఆరుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ రాత్రే ప్లానంతా మార్చాం. కోర్టును వీధి మధ్య నుంచి చివరికి జరిపి, ఆవిడ ఇంటివైపు దారి పూర్తిగా వదిలేశాం. రెండో వైపు తాడు కట్టి, దాని దగ్గర ఎప్పుడూ ఒక కుర్రాడు ఉండాలని, 108 గానీ ఆటో గానీ రావాల్సొస్తే ఆట అక్కడికక్కడే ఆపి తాడు విప్పేయాలని అనుకున్నాం. మర్నాడు వెళ్లి ఇదంతా చెప్తే మామ్మగారు శాంతించారు. సాయంత్రం లైట్లకి కరెంటు కూడా వాళ్ల ఇంటి నుంచే ఇచ్చారు. అందుకే పోస్టరు వేయకముందే ప్రతి ఇంటికీ వెళ్లండి. ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నారో, ఎవరింట్లో పదో తరగతి పిల్లలు చదువుకుంటున్నారో, కారు ఎవరు ఎప్పుడు తీస్తారో కాగితం మీద రాసుకోండి. ఆ ఇళ్లవాళ్ల సంతకాలు జతచేసి పోలీస్ స్టేషన్‌లోనూ మున్సిపల్ కార్పొరేషన్‌లోనూ ఉత్తరాలు ఇస్తే పని తేలికవుతుంది. మైకుకు విడిగా అనుమతి అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని చట్టమే ఉంది. మేం తొమ్మిదికే కట్టేశాం.

కొలతల విషయం. ముగ్గురి ఆటకి అసలు కోర్టు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు. 40 అడుగుల రోడ్డు అన్నా 12 మీటర్లే, అందులో రెండువైపులా కాలువలు పోతే ఇంకా తక్కువ. వెడల్పు లేదని దిగులు పడకండి. రింగు నడిమి నుంచి 6.75 మీటర్ల తాడు పట్టుకుని రెండు పాయింట్ల గీత గీస్తే ముందువైపు సరిగ్గానే వస్తుంది, పక్కల కాలువ దగ్గర ఆగిపోతుంది. అంతే. మేం మొదట ముగ్గుపిండితో గీశాం, పది నిమిషాల్లో చెరిగిపోయింది, పైగా కాళ్లు జారాయి. తర్వాత డిస్టెంపర్‌తో వేశాం. కాలువల మీద పలకలు లేకపోతే అద్దె టెంట్‌వాళ్ల దగ్గర చెక్కలు తెచ్చి కప్పండి. బంతి సంగతి అలా ఉంచండి, అందులో పడితే కాలు విరుగుతుంది.

స్తంభం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. మాది వెల్డింగ్ షాపులో చేయించింది, రింగు 3.05 మీటర్ల ఎత్తులో, బోర్డు స్తంభానికి ముందుకు వచ్చేలా. ముందురోజు ప్రాక్టీసులో ఒక కుర్రాడు ఎగిరి రింగు పట్టుకుని వేలాడాడు. స్తంభం మొత్తం ముందుకు ఒరిగింది. వాడు పక్కకి దూకాడు కాబట్టి బతికిపోయాడు, బోర్డు మూల మాత్రం పగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి ఎనిమిది బస్తాలు వెనక దిమ్మ మీద వేశాం, రింగు పట్టుకున్నవాడిని ఆట నుంచి తీసేస్తామని మైకులో చెప్పాం. మీరు ఈ పని మొదటిరోజే చేయండి.

ఆట నియమాలు మార్చకండి, అవే బాగుంటాయి. జట్టుకు ముగ్గురు, ఒక అదనపు ఆటగాడు. పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు చేసినవాళ్లు గెలిచినట్టు. గీత లోపల నుంచి వేస్తే ఒకటి, బయట నుంచి రెండు. 12 సెకన్లలో బంతి వేసేయాలి. దానికి గడియారం లేకపోతే గొంతున్నవాడిని ఒకడిని కూర్చోబెట్టి చివరి ఐదు సెకన్లు పైకి లెక్కపెట్టించండి. టోక్యో ఒలింపిక్స్ నుంచి ఈ ముగ్గురి ఆట ఒలింపిక్స్‌లోనూ ఉంది, ఈ మాట చెప్తే పెద్దవాళ్లు కొంచెం ఆసక్తిగా వింటారు. పన్నెండు జట్లను మూడేసి చొప్పున నాలుగు గుంపులు చేశాం. గుంపుల్లో 12 ఆటలు, తర్వాత సెమీస్, ఫైనల్, మొత్తం 15. ఒక్కో ఆటకి 20 నిమిషాలు కేటాయిస్తే ఐదు గంటలు. ఓడినవాళ్లకి కూడా రెండు ఆటలు దొరికాయి. కొత్తగా ఆడేవాళ్లని ఒక్క ఓటమితో ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు.

అమ్మాయిల జట్లు మొదట ఒక్కటే వచ్చింది. కారణం కనుక్కుంటే సాయంత్రం గుంపులో ఆడటానికి ఇళ్లల్లో ఒప్పుకోవడం లేదట. ఆదివారం పొద్దున పెడతామంటే నాలుగు జట్లయ్యాయి. ఆరున్నరకే మొదలుపెట్టాలనుకున్నాం గానీ మంచుకి సిసి రోడ్డు జారుతోంది. గోనెసంచులతో తుడిచి, ఎండ వచ్చాక ఏడున్నరకి మొదలుపెట్టాం. వాళ్ల అమ్మలు టీ ఫ్లాస్కులతో వచ్చి అరుగుల మీద కూర్చున్నారు. రెండు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పొద్దుటి పూటే.

ప్రైజ్ మనీ పెద్దది పెట్టకండి. డబ్బు ఎక్కువైతే వీధితో సంబంధం లేని జట్లు వచ్చి గొడవలు అవుతాయి. మేం ఎంట్రీ 200 పెట్టి, గెలిచినవాళ్లకి బంతి, షూలు ఇచ్చాం. రిఫరీగా దగ్గరి స్కూలు పీఈటీ మాస్టారిని పిలిచాం, కుర్రాళ్లు ఆయన విజిల్‌కి ఎదురు మాట్లాడలేదు. ఐస్, దూది, క్రేప్ బ్యాండేజీ దగ్గర పెట్టుకోండి, చీలమండ బెణుకులు తప్పవు.

మా స్తంభం ఇప్పటికీ కాలనీ ఖాళీ స్థలంలో ఉంది, పిల్లలు రోజూ ఆడుతున్నారు. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, వాళ్లని అడిగి రెండు రోజులకి ఇప్పిస్తాను. టాటా ఏస్‌లో పడుతుంది. ఇసుక బస్తాలు మాత్రం మీరే నింపుకోవాలి.