ఆఫ్రికా నుంచి వచ్చిన బాబుకి మూత్రంలో రక్తం: మున్ముందు కిడ్నీలకు ముప్పుందా?

మలావీలో ఉండి విజయవాడ వచ్చేసిన మీ అక్కగారి అబ్బాయికి బిల్‌హార్జియా (ఒంట్లో చేరిన ఒక పురుగు వల్ల వచ్చే జబ్బు) అని తేలిందనీ, పెద్దయ్యాక ఏమవుతుందోననీ అడిగారు. మందు పడితే అంత భయం అక్కర్లేదండీ. వదిలేస్తేనే ప్రమాదం.

పిల్లలు అక్కడి చెరువుల్లో దిగినప్పుడు ఈ పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది. కృష్ణ ఘాట్‌లో స్నానం చేయించినందుకు వచ్చిందేమోనన్న బాధ అక్కగారిని మానుకోమనండి. అసలు హాని దాని గుడ్లతోనే. కొన్ని మూత్రంలో పోతాయి, మిగతావి మూత్రాశయం గోడలో ఇరుక్కుంటాయి. వాటి చుట్టూ వాచి, ఏళ్లు గడిచేకొద్దీ గోడ గట్టిపడి సున్నం పేరుకుంటుంది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం ఇరుకైతే మూత్రం నిలిచిపోయి కిడ్నీ ఉబ్బుతుంది. దశాబ్దాల తర్వాత మూత్రాశయ క్యాన్సర్ కూడా రావచ్చు.

పిల్లల్లో ఈ పురుగును చంపే మందు ప్రాజిక్వాంటెల్ త్వరగా వేయిస్తే ఈ మార్పులు చాలావరకు నెలల్లోనే తగ్గుతాయి. మామూలు డోసు కిలో బరువుకి 40 మిల్లీగ్రాములు, డాక్టరు చూసే ఇస్తారు. తర్వాత మళ్లీ మూత్ర పరీక్ష తప్పనిసరి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు, ఆఖరి చుక్కలతో సహా పట్టండి, గుడ్లు ఎక్కువగా పడేది అప్పుడే. స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బు కనబడితే యూరాలజిస్టుకు చూపించండి. ఇక్కడ ఈ జబ్బు అరుదు, అందుకని మలావీ సంగతి ముందే చెప్పండి.