అల్లుడికి, అటక మీది కంప్యూటర్ల గురించి

ఒరేయ్ అల్లుడూ,

అటక మీది పాత లాప్‌టాప్‌నీ, మీ నాన్న డెస్క్‌టాప్‌నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగు. వాడు కట్టే డబ్బులతో బిర్యానీ కూడా రాదు.

ఆ లాప్‌టాప్ 2012 నాటిది, మూడో తరం ఐ5. స్లో అయిపోయిందని ప్రాసెసర్‌ని తిట్టుకుంటున్నావు గానీ బ్రౌజింగుకీ, టైపింగుకీ అది ఇప్పటికీ చాలు. ఇబ్బందంతా లోపల తిరిగే హార్డ్ డిస్క్‌తోనే. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది, ఒక్కోదాని కోసం డిస్కు హెడ్డు ఒక్కో చోటికి కదలాలి, సెకనుకి వందకి అటూ ఇటూగా తప్ప దానివల్ల కాదు. దాని బదులు వేసే ఎస్ఎస్‌డీ అంతా చిప్పులే, అందులో కదిలేదే ఏమీ ఉండదు, అందుకే అంత తేడా. ఉన్న డబ్బులు ముందు దాని మీదే పెట్టు: 2.5 అంగుళాల సాటా రకం, 240 జీబీది చాలు. షాపువాడు ఎం.2 అని చిన్న పట్టీలా ఉండే ఎస్ఎస్‌డీ చేతిలో పెడితే తీసుకోకు, నీ దాంట్లో దానికి చోటు లేదు.

ర్యామ్ 4 జీబీ ఉంది కదా, ఇంకో 4 వేస్తే హాయి. కొత్తది వద్దు, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో ఊడదీసినవి దొరుకుతాయి. డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ అని అడుగు, 1.35 వోల్టులది, పాత 1.5 వోల్టుల స్లాటులో కూడా నడుస్తుంది. అక్కడే ఆన్ చేయించి చూసుకుని మరీ తీసుకో.

తేదీ ఎప్పటికప్పుడు వెనక్కి పోతోందన్నావు చూడు, అది బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోవడం. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ మొరాయిస్తుంది, జనం నెట్ పోయిందనుకుని రౌటర్‌ని పీకి పెడుతుంటారు. బిళ్ల మారిస్తే సరి. పెద్ద బ్యాటరీ మాత్రం ఉబ్బి ఉంటే నొక్కొద్దు, గుచ్చొద్దు, జాగ్రత్తగా తీసి పక్కన పెట్టు. చార్జర్ మీదే నడుపుకోవచ్చు.

ఇక విండోస్. 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, నీది కుదరదు. దొడ్డిదారిన ఎక్కించే వీడియోలు బోలెడున్నాయిలే, ఆ టెన్షన్ మనకెందుకు? విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ ఉంది, అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం దించుకుని రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెయ్యి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, వైఫై, సౌండు, కెమెరా పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది. అన్నీ బాగుంటేనే ఎక్కించు.

పాత డిస్కు మాత్రం చెరపొద్దురోయ్. యూఎస్‌బీ కేసులో బిగిస్తే ఎక్స్‌టర్నల్ డిస్కు అయిపోతుంది, మీ అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ముందు వాటిని ఇంకో చోటికి కాపీ చెయ్యి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకో.

డెస్క్‌టాప్ సంగతి వేరు. మీ నాన్న డీటీపీ చేసిన రోజుల ఫైళ్లు దాంట్లో ఉన్నాయి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసినవి, అన్నీ ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో. అవి ఇప్పుడు ఫోన్లలో, సైట్లలో వాడే యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి దాంట్లోని పాత విండోస్ ఎక్స్‌పీని కదపకు, నెట్ వైరు పీకేసి, ఆ ఫైళ్లు తెరిచి పీడీఎఫ్‌లు తీసుకోవడానికే ఉంచు. ఆన్ కాకపోతే కంగారుపడి మదర్‌బోర్డు పోయిందని తేల్చెయ్యకు. కరెంటు తీసేసి, ర్యామ్ ఊడదీసి బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి మళ్లీ గట్టిగా నొక్కు.

దాన్ని ఇరవై నాలుగ్గంటలూ సినిమాల సర్వర్‌గా నడుపుతానని కూడా అన్నావట. వద్దు. 70 వాట్లు తాగే డబ్బా అలా నడిస్తే నెలకి 50 యూనిట్లు, పైగా స్లాబు మారితే బిల్లు చూసి మీ అమ్మ నిన్నే అటకెక్కిస్తుంది. సర్వరే కావాలంటే ఆ లాప్‌టాప్‌నే మూలన పెట్టి నడుపు, అది ఊరికే ఉన్నప్పుడు తాగేది చాలా తక్కువ.

ముందు లాప్‌టాప్ వెనక మూత విప్పి ఒక ఫోటో పంపు, ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్తాను. అప్పటిదాకా ఏమీ కొనకు.

మావయ్య