802.1ఎక్స్ ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి?

ప్ర: సిస్కో నెట్‌వర్క్ పరీక్ష సీసీఎన్‌ఏ పాసయ్యాను. వీలాన్లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లు), పోర్ట్ సెక్యూరిటీ చేయగలను. నెట్‌వర్క్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో 802.1ఎక్స్, మ్యాబ్ గురించి అడిగితే నిర్వచనాలు చెప్పి ఆగిపోయాను. ఇది విడిగా నేర్చుకోవాల్సినంత విషయమా? ఖరీదైన స్విచ్ లేకుండా సాధన చేయవచ్చా?

జ: రెండింటికీ సమాధానం అవుననే. స్విచ్ పోర్టుకు తగిలించిన పరికరం తానెవరో రుజువు చేసుకున్నాకే లోపలికి రానిచ్చే పద్ధతి 802.1ఎక్స్. అలా రుజువు చేసుకోలేని పరికరాన్ని దాని మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ చిరునామా) చూసి గుర్తించేది మ్యాబ్. సిస్కో తర్వాతి స్థాయి పరీక్ష సీసీఎన్‌పీ ఎన్‌కోర్ (350-401) సిలబస్‌లో 802.1ఎక్స్, మ్యాబ్, వెబ్ఆథ్ (బ్రౌజర్ పేజీలో లాగిన్) ఉన్నాయి. సెక్యూరిటీ వైపు వెళ్లి సైస్ (300-715, సిస్కో ఐడెంటిటీ సర్వీసెస్ ఇంజిన్ పరీక్ష) రాస్తే ఆ పరీక్షలో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరుగుతుంది. కాన్ఫిగరేషన్ పది, పన్నెండు లైన్లకు మించదు కాబట్టి అది ఎవరైనా బట్టీ పట్టగలరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది వేరు: లాగిన్ ఆగిపోతే తప్పు ఎక్కడుందో మీరు పట్టుకోగలరా అని.

ఇందులో పాత్రలు మూడు. కంప్యూటర్‌లో ఉండే లాగిన్ సాఫ్ట్‌వేర్ సప్లికెంట్, మధ్యలో ఉండే స్విచ్ ఆథెంటికేటర్, వెనుక లాగిన్ వివరాలు సరిచూసే రేడియస్ సర్వర్. కంప్యూటర్ ఈఏపీఓఎల్ ఫ్రేములు (లాగిన్ సందేశాలను కేబుల్ మీద మోసేవి, ఈథర్‌టైప్ 0ఎక్స్888ఈ) పంపితే స్విచ్ అందులోని సందేశాన్ని రేడియస్ ప్యాకెట్‌లో పెట్టి సర్వర్ యూడీపీ పోర్టు 1812కు చేరవేస్తుంది. లోపలికి రానివ్వాలో వద్దో తేల్చేది సర్వరే. ‘స్విచ్ పాస్‌వర్డ్ సరిచూస్తుంది’ అన్నారంటే మీకు మిగతాది కూడా తెలియదనుకుంటారు.

సిస్కో స్విచ్‌లో ముందు లోకల్ యూజర్‌ను తయారుచేసి, ఆ తర్వాతే ‘ఏఏఏ న్యూ-మోడల్’ ఇవ్వండి. వరుస తప్పితే దూరం నుంచి మళ్లీ లాగిన్ కాలేరు. తర్వాత రేడియస్ సర్వర్ చిరునామా, షేర్డ్ సీక్రెట్ (స్విచ్‌కూ సర్వర్‌కూ ఉమ్మడి రహస్యపదం), ‘ఏఏఏ ఆథెంటికేషన్ డాట్1ఎక్స్ డిఫాల్ట్ గ్రూప్ రేడియస్’, ‘డాట్1ఎక్స్ సిస్టమ్-ఆథ్-కంట్రోల్’. ఈ చివరిది మరిచిపోతే పోర్టు కింద ఎన్ని రాసినా 802.1ఎక్స్ మొదలే కాదు. యాక్సెస్ మోడ్‌లో ఉన్న పోర్టు కింద ‘ఆథెంటికేషన్ పోర్ట్-కంట్రోల్ ఆటో’, ‘డాట్1ఎక్స్ పీఏఈ ఆథెంటికేటర్’, ‘మ్యాబ్’ ఇవ్వాలి.

సాధనకు వర్చువల్ మెషీన్లు చాలు. ఒకదానిలో సర్వర్‌గా ఫ్రీరేడియస్, ఒకదానిలో స్విచ్ పాత్రకు వైర్డ్ డ్రైవర్‌తో హోస్ట్‌ఏపీడీ, మరోదానిలో క్లయింట్‌గా డబ్ల్యూపీఏ సప్లికెంట్. హోస్ట్‌ఏపీడీ పోర్టును నిజంగా మూయదు కానీ ప్యాకెట్ల సంభాషణ మొత్తం ప్యాకెట్లు చూపే వైర్‌షార్క్‌లో కనిపిస్తుంది. మధ్యలో లినక్స్ బ్రిడ్జి ఉంటే అది ఈఏపీఓఎల్ ఫ్రేములను మామూలుగా ముందుకు పంపదు. దాని గ్రూప్ ఫార్వర్డ్ మాస్క్ విలువను 8 చేయాలి. చాలామంది లాబ్‌లు ఇక్కడే ఆగిపోతాయి. విండోస్ క్లయింట్ వాడితే ‘వైర్డ్ ఆటోకాన్ఫిగ్’ సర్వీస్ మొదలుపెట్టాలి, లేకపోతే ఆథెంటికేషన్ ట్యాబే కనిపించదు.

పనిచేసిన లాబ్‌ను కావాలనే చెడగొట్టండి. షేర్డ్ సీక్రెట్‌లో ఒక అక్షరం మార్చి, డీబగ్ మోడ్‌లో నడుస్తున్న ఫ్రీరేడియస్ ఏమంటుందో చదవండి. క్లయింట్ గడియారాన్ని సర్టిఫికెట్ గడువు దాటే తేదీకి జరిపి ఈఏపీ-టీఎల్ఎస్ (సర్టిఫికెట్లతో లాగిన్) ఎక్కడ విఫలమవుతుందో చూడండి. నిజమైన స్విచ్ దొరికితే ‘ఏఏఏ ఆథరైజేషన్ నెట్‌వర్క్’ లైను తీసేయండి: లాగిన్ విజయవంతమే, కానీ సర్వర్ చెప్పిన వీలాన్ రాదు. ఆ వీలాన్ కోసం సర్వర్ మూడు అట్రిబ్యూట్లు పంపాలి: నంబరు 64లో 13, 65లో 6, 81లో వీలాన్ నంబరు.

ఎక్కువగా అడిగేది ప్రింటర్ కేసు. ప్రింటర్‌లో సప్లికెంట్ లేకపోతే స్విచ్ మూడుసార్లు అడిగి, ప్రతిసారీ 30 సెకన్లు చూసి, 90 సెకన్ల తర్వాత గానీ మ్యాబ్‌కు రాదు. ఈలోగా పరికరం చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ మీద ఆశ వదులుకుని 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంటుంది. ప్రతిసారీ చూసే ఆ సమయాన్ని, అంటే ‘టీఎక్స్-పీరియడ్’ను 10కి తగ్గిస్తే నిరీక్షణ 30 సెకన్లకు దిగుతుంది. అలాగని 1, 2కు దించకండి. నెమ్మదిగా లేచే కంప్యూటర్లు కూడా మ్యాబ్‌లో పడతాయి. మ్యాబ్ అసలు గట్టి కాపలా కాదు. ప్రింటర్ స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్ అడ్రస్‌ను ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవచ్చు. అందుకే ఆ పరికరాలను విడి వీలాన్‌లో పెట్టి, వాటికి అవసరమైన చోట్లకే ఏసీఎల్ (అనుమతుల జాబితా)తో దారి ఇస్తారు. ఈ మాట అడగకుండానే చెప్పండి.

రేడియస్ సర్వర్ పడిపోతే ఏమవుతుందని కూడా అడుగుతారు. ‘సర్వర్ డెడ్’ ఈవెంట్‌కు క్రిటికల్ వీలాన్ (సర్వర్ లేనప్పుడు వాడే వీలాన్) ఇచ్చి ఉంచకపోతే కొత్తగా వచ్చినవాళ్లంతా బయటే. అమలు ఎలా మొదలుపెడతారంటే ‘ఆథెంటికేషన్ ఓపెన్’తో అనండి: ఫెయిలైనా ట్రాఫిక్ ఆగదు, ఎవరెవరు ఫెయిలవుతున్నారో లాగ్‌లో తెలుస్తుంది, జాబితా ఖాళీ అయ్యాక ఒక్కో అంతస్తు చొప్పున బిగిస్తారు.

ముందు లాబ్, తర్వాత ఎన్‌కోర్. ‘షో ఆథెంటికేషన్ సెషన్స్’ అవుట్‌పుట్‌లో పద్ధతి, స్టేటస్, వీలాన్ చూసి కథ చెప్పగలిగేదాకా సైస్ ఫీజు కట్టకండి.